చలి బాకీ

నేను చలి అమ్మేవాణ్ణి.
బెజవాడలో ఇంతకన్నా గిరాకీ సరుకు లేదు.
చేపలోళ్ళకీ, సోడా బళ్ళకీ, శవం లేచే ఇళ్ళకీ
రంపప్పొట్టు చల్లి, గోనెపట్టా చుట్టి
తెల్లారకముందే దిమ్మలు దింపుతాను.
చెట్టుకి ఐసు వెయ్యడం మాత్రం
చిట్టినగర్ కొండమీద సైదులు ఇంట్లోనే చూశాను.

నూట పద్నాలుగు మెట్లు.
పైకి చేరేసరికి
దిమ్మలో పావు వంతు నా చొక్కాలో ఉంటుంది.

ఆటోనగర్లో బండెక్కితే
కాశ్మీర్ దాకా దిగని మనిషి సైదులు.
ముప్ఫై ఏళ్ళు ఎర్ర ఆపిళ్ళు తోలాడు
కేదారేశ్వరపేట మార్కెట్టుకి.
నున్నగా, ఒకే సైజులో,
ఎక్కడికి తోలితే అక్కడికి కిమ్మనకుండా వచ్చేవి.
"అవి పళ్ళు కాదోయ్, పాసింజర్లు" అనేవాడు.

ఓసారి మంచు పడి రోడ్డు మూసేశారంట.
నాలుగు రాత్రులు ఒక ముసలాయన పెరట్లో బండి.
ఆ పెరట్లో వాళ్ళ తాత నాటిన చెట్టు.
గడ్డిలో దాచిన పండు తీసిచ్చాడంట,
చూడ్డానికి ఏమీ లేదు,
ఉసిరికాయ రంగు, చెంప మీద తుప్పు మరక,
నిమ్మకాయకి కాస్త అన్న.
కొరికితే,
ఇక్కడ సైదులు ఎప్పుడూ ఆగిపోతాడు.
చెరుకు కాదంటాడు. తాటిబెల్లం కాదంటాడు.
గాల్లో స్టీరింగ్ తిప్పినట్టు చెయ్యి తిప్పి
"ఘాటీ దిగినాక ఇంజను ఆపుతాం చూడు,
ఆ నిశ్శబ్దం" అంటాడు.

దానికి పేరు లేదంట.
ఆ ఇంట్లో "మనది" అనేవాళ్ళంట.
పెట్టెకెత్తితే నల్లబడుద్ది,
పక్క ఊరు చేరేలోపు మెత్తబడుద్ది,
ఏ షావుకారూ అడగలేదు.
వచ్చే ఏడు కొట్టేసి ఎర్రవి పెడతామన్నారంట.

ముప్ఫై ఏళ్ళు సరుకు మోసినవాడికి
మొయ్యలేని సరుకు అదొక్కటే తగిలింది.
పండు రాదు కాబట్టి పుల్ల తెచ్చాడు.
పెన్సిలంతవి మూడు, తడిగుడ్డలో చుట్టి,
టిఫిన్ డబ్బాలో, డ్రైవరు సీటు పక్కన.
కడియంలో కొన్న మొక్కకి అంటు కడితే
రెండు ఎండిపోయి ఒకటి చిగురేసింది.

చలి తగలకపోతే ఆ చెట్టు పడుకోదంట.
పడుకోకపోతే లేవదు. లేవకపోతే పుయ్యదు.
మన ఊళ్ళో చలెక్కడిది?
పుష్యమాసంలోనూ ఫ్యాను ఆపితే ఉక్కపోత.
అందుకని ఏటా నలభై రోజులు
మొదట్లో పొట్టు పరిచి దానిమీద దిమ్మ.

"నాకు జ్వరమొస్తే తడిగుడ్డేశాడు.
చెట్టుకి ఐసంట!" అని మౌలాబి తిట్టేది.
తిడుతూనే ఆకులన్నీ తనే దూసేది,
ఒక్కోటీ, పేలు చూసినట్టు.

కరిగిన నీళ్ళు మెట్లమ్మట దిగిపోయేవి.
పిల్లలు పాదాలు పెట్టి కెవ్వుమనేవాళ్ళు.
నా పద్దు పుస్తకంలో సైదులు పేరు లేదు.
"చెట్టు" అని రాసుకున్నాను.
చెట్టు బాకీ, పన్నెండు వేల చిల్లర.

నాలుగో ఏడు శివరాత్రి దాటాక ఐదు పూలు.
మౌలాబి కోడి ఈకతో
ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్దింది.
నాలుగు రాలిపోయాయి.
మిగిలినదానికి కోతుల భయంతో
ఉల్లిపాయల సంచి తొడిగారు.
రోహిణి కార్తెలో కొండరాయి సెగలు కక్కుతుంటే
పిలవకుండానే దిమ్మ మోసుకెళ్ళాను.
పద్దులో రాయలేదు. ఎందుకో నాకే తెలీదు.

మృగశిరకి ముందురోజు కోశారు.
అడకత్తెరతో నాలుగు ముక్కలు,
మౌలాబికి, నాకు, మెట్లమీద పిల్లోడికి, తనకి.
నాకైతే తియ్యగానే ఉంది.
కొంచెం పిండిపిండిగా,
చివర్లో కొత్తకుండ నీళ్ళ వాసన.
సైదులు కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు.
"అదేనా?" అంది మౌలాబి.
గింజలు అరచేతిలోకి ఉమ్మి
లెక్కపెట్టుకున్నాడు.
తర్వాత నా వైపు తిరిగి,
"ఈసారి చలికాలం
రోజుకి రెండు దిమ్మలెయ్."